మొదటి నీటి వెంట క్లియోతిల్దే

క్లియోతిల్దే మాయెస్తాస్ కూర్చుని కాఫీ తాగగా నేనెప్పుడూ చూడలేదు. కప్పు పట్టుకుని వంటింటి గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడుతుంది. చూపు మాత్రం కాలవ మీద. నీళ్ళున్న రోజుల్లో ఎక్కడ గండి పడిందోనని చూస్తుంది, నీళ్ళు లేని రోజుల్లో ఎవరు చెత్త పోస్తున్నారోనని చూస్తుంది. నేనూ కాలు నిలవని మనిషినే కాబట్టి మా ఇద్దరికీ కుదిరింది. ఒక్క చలికాలం ఉండి పోదామని ఆమె పెరటి గది అద్దెకు తీసుకున్నాను. ఆ తరవాత ఆమె కుక్కలు రెండు తరాలు మారాయి. నేను ఇంకా బయలుదేరుతూనే ఉన్నాను.

న్యూ మెక్సికో ఉత్తరాన, కొండల మడతలో ఇరుక్కున్న మా ఒహితోస్ ఊరికి ఆమె మయోర్దోమా. మన వైపు నీరటి అంటారే, ఆ పని. కొండ మీద మంచు కరిగి ఏరు నిండితే తూము ఎత్తడం, ఎవరి వంతు ఎప్పుడో చెప్పడం, వంతు కాని వేళ తూము ఎత్తినవాణ్ణి పట్టుకుని నలుగురి ముందూ కడిగెయ్యడం ఆమె బాధ్యతలు. నేను చాలా దేశాల కాలవలు చూశాను. స్పెయిన్‌లో ఒకచోట గురువారం మధ్యాహ్నం చర్చి గుమ్మం ముందు రైతులే కూర్చుని నీటి తగాదాలు తీరుస్తారు. నీ గట్టు తెగి పక్కవాడి పొలం మునిగితే ఆ పంట నువ్వే ఇచ్చుకోవాలని బాబిలోనులో నాలుగు వేల ఏళ్ళనాడే రాతి మీద చెక్కారు. నీళ్ళు పంచుకునే చోట మనుషులు ఒకరినొకరు బాగా ఎరుగుదురు, అందుకే బాగా తిట్టుకుంటారు కూడా.

ఒహితోస్‌లో తిట్లకు వేదిక వసంతంలో జరిగే పూడికతీత. కాలవ నీళ్ళు వాడే ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి పార పట్టుకుని రావాలి. క్లియోతిల్దే తన పార కామతో, అంటే కర్ర పిడితో, కొలిచి ఒక్కొక్కరికీ ఒక ముక్క అప్పగిస్తుంది. ఎవరి ముక్క వాళ్ళు తవ్వి, ఆమె వచ్చి కాలితో తొక్కి చూసి సరే అన్నాక, అందరూ ఒకేసారి ముందుకు జరుగుతారు. పైనుంచి కింది చివర దాకా ఇలాగే. మధ్యాహ్నం గట్టు మీద చిక్కుళ్ళూ, రొట్టెలూ, ఎర్ర మిరపకారం వేసి వండిన పంది మాంసమూ. ఆ రోజున ఊళ్ళో పెళ్ళిళ్ళు కుదిరేవట, విడిపోయిన అన్నదమ్ములు మాట్లాడుకునేవారట. నేను వచ్చేసరికే ఇదంతా ‘అట’ కింద మారిపోతోంది. మనుషులు తగ్గారు, వాళ్ళ బదులు పట్నం నుంచి చెక్కులు వస్తున్నాయి.

ఆ మనుషుల్ని పట్నం చేర్చింది క్లియోతిల్దేయే. నీరటి కాకముందు ఆమె వ్యాను తోలేది. ఆల్బకర్కీ పట్నంలో ఒక పెద్ద హోటలు దుప్పట్లు ఉతకడానికీ, గదులు తుడవడానికీ మా ఊరి వాళ్ళను పెట్టుకుంది. తెల్లవారకముందే నీలం వ్యానులో వాళ్ళను ఎక్కించుకుని రెండున్నర గంటలు కిందికి దిగి, సాయంత్రం మళ్ళీ పైకి తెచ్చేది. ఆ వ్యానులోనే ఊరు ఊరుగా ఉండేదని అంటారు. చిక్కుడుకాయలు ఒలుచుకున్నారు, పిల్లలకు పాలిచ్చారు, సంబంధాలు మాట్లాడుకున్నారు. అంతకు ముందు తరంలో ఆపిల్ బుట్టలు పట్నానికి వెళ్ళేవి, పట్నం నుంచి ఉప్పూ, పంచదారా వచ్చేవి. వ్యాను కాలంలో మనుషులే వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కో సాయంత్రం ఒక్కో సీటు ఖాళీ అయ్యేది. చలికి దారి మూసుకుపోతోందనో, పిల్లల బడి కోసమో అక్కడే గది తీసుకుని ఉండిపోయారు. ఆమె కూతురు ఈవెట్ కూడా అలాగే ఉండిపోయింది, ఇప్పుడు అక్కడ ముసలివాళ్ళ ఆశ్రమంలో పని చేస్తుంది. చివరికి వ్యాను నిండడం లేదని హోటలు వాళ్ళు ఆపేశారు. పాత బండి ఆమెకే వదిలేశారు.

“ఈ ఊరిని చెంచాతో తోడి తోడి అక్కడ పోశాను,” అందొకసారి నాతో, వ్యాను టైర్లకు గాలి కొడుతూ. బాధగా కాదు, లెక్క చెప్పినట్టు అంది.

ఆ ఏడు పూడికతీతకు వచ్చినవాళ్ళు గట్టు మీద ఒకే చెట్టు నీడలో సరిపోయారు. వచ్చినవాళ్ళలో సగానికి మోకాళ్ళు వంగవు. అందరికన్నా ముందు వచ్చింది మార్నీ. షికాగో నుంచి వచ్చి కాలవ తలాపున పాత ఇల్లు కొనుక్కున్న కుండలు చేసే ఆవిడ. కొత్త చేతి తొడుగులు వేసుకుని, పారను తిరగేసి పట్టుకుని నిలబడింది. మా వాళ్ళు ఆమెను మట్టిపిచ్చి మార్నీ అంటారు. మూడో రోజుకి కాలవలో పావు వంతు కూడా తవ్వలేదు. క్లియోతిల్దే పార నేలకేసి కొట్టి, పట్నం చెక్కులన్నీ పోగేసి, పట్నం నుంచే ఒక తవ్వే యంత్రాన్ని పిలిపించింది.

యంత్రం రెండు రోజుల్లో ముగించింది. ఏళ్ళ తరబడి ముళ్ళూ, విల్లో చెట్ల వేళ్ళూ, నల్ల బురదా పట్టి వంకరటింకరగా ఉన్న కాలవ నున్నగా, గీత గీసినట్టు బయటపడింది. అడుగున తెల్లటి గులకరాళ్ళు మెరుస్తున్నాయి. ఊరంతా వచ్చి చూశారు. కాలవ కింది చివర పొలం పోర్ఫీరియో ఆర్చులెటాది. క్లియోతిల్దేతో ప్రతి ఎన్నికలోనూ నీరటి పదవికి పోటీ చేసి ఓడిపోయే మనిషి. ఆయన కూడా టోపీ వెనక్కి తోసుకుని, మన కాలవకు ఇన్నాళ్ళకు పెళ్ళికళ వచ్చిందన్నాడు. తవ్వడంలో జీవితమంతా గడిపినవాళ్ళు. ఎంత తవ్వినా సరిగా తవ్వలేదని తిట్లు తిన్నవాళ్ళు. ఎక్కువ తవ్వడమనే తప్పు ఉంటుందని వాళ్ళకు తట్టలేదు.

ఏప్రిల్లో తూము ఎత్తారు. మొదటి నీటి వెంట మయోర్దోమా నడవాలనేది ఇక్కడి ఆచారం. నీటి నాలుక ముందు కొట్టుకొచ్చే ఆకుల్నీ, కొమ్మల్నీ పారతో లాగేస్తూ, నీళ్ళు ఎంత మెల్లగా వస్తే అంత మెల్లగా, కింది చివర దాకా వెళ్ళాలి. ఆమెను దాటి ఎవరూ ముందుకు పోకూడదు. మేం నలుగురం వెనక నడిచాం. చర్చి దాటేదాకా బాగానే ఉంది. ఆ తరవాత ఆమె నడక మందగించింది. మరి కాసేపటికి ఆగిపోయింది. నీళ్ళు ఆమె బూట్ల దగ్గరికి వచ్చి, గులకరాళ్ళ మధ్య చిన్న చప్పుడు చేస్తూ నేలలోకి దిగిపోతున్నాయి. ఇంకా మూడింట రెండు వంతుల కాలవ ముందుంది, ఎండి తెల్లగా.

అప్పుడు అర్థమైంది. అడుగున పేరుకున్న ఆ నల్ల బురదే ఇన్నాళ్ళూ నీళ్ళను పట్టి ఉంచింది. తాతముత్తాతల నాటి నుంచి ఏటేటా పొరగా దిగిన సన్నటి వండుమట్టి అది. పారలు దాన్ని పైపైన గీకేవి, యంత్రం గోకి పారేసింది. క్లియోతిల్దే కాలవలోకి దిగి ఒక గులకరాయి తీసింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. జేబులో వేసుకుంది.

మిగతావాళ్ళు ఓపిక పట్టగలరు. నెలా రెండు నెలలకు వరద బురదతో కాలవ తనంతట తాను పూడుకుంటుంది. పోర్ఫీరియో ఆగలేడు. ఇక్కడ పొలానికి ముందు ఒక తడి పెట్టి, పదును చూసి దున్ని, అప్పుడు విత్తనం వేస్తారు. ఏప్రిల్ దాటితే మిరప పండే లోపే మంచు పడుతుంది. ఆయన దగ్గరున్నది వాళ్ళమ్మ నాటి నుంచి దాచుకొస్తున్న విత్తనం. చిన్న వంకర కాయ, మా లోయలో తప్ప ఎక్కడా లేదు. నిరుడు వడగళ్ళు పంటను తుడిచిపెట్టాయి. డబ్బాలో ఉన్న గింజలకు ఇప్పటికే రెండేళ్ళు. ఈ ఏడు కూడా మొలవకపోతే ఇక మొలవవు. పైగా ఆయన కొడుకు సెలవుల కోసం అద్దెకిచ్చే కొయ్య ఇళ్ళు కట్టే పట్నం మనిషిని ఒకణ్ణి తెచ్చి, ఆ పొలం అమ్మేద్దామని రెండుసార్లు కొలిపించాడు.

క్లియోతిల్దే ఆ సాయంత్రమే ఆయన గుమ్మానికి వెళ్ళింది. పోర్ఫీరియో ఈవెట్‌కు జ్ఞానస్నానపు తండ్రి. అందువల్ల వాళ్ళిద్దరిదీ కొంపాద్రే, కొమాద్రే వరస. ఆ వరస ఉన్నవాళ్ళు ఎంత కోపమొచ్చినా ఒకరినొకరు మీరు అనే అనాలి. అందుకే వాళ్ళ పోట్లాటలు వినడానికి ఎంతో మర్యాదగా ఉంటాయి.

“నేనేమీ అనను, కొమాద్రే,” అన్నాడు ఆయన, గొర్రెలకు నీళ్ళు పెడుతూ. “మే నెల వచ్చేసరికి ఈ నేల తడవకపోతే సంతకం పెట్టేస్తాను. అప్పుడు ఆ కొయ్య ఇళ్ళవాళ్ళకి మీరు వంతులు వెయ్యొచ్చు. స్నానాల తొట్లకి.”

ఆమె గొర్రెల కాళ్ళ వంకే చూస్తూ నిలబడింది. వాటి గిట్టల కింద తొట్టి చుట్టూ నేల అరుగులా గట్టిపడి ఉంది. నీళ్ళు ఒలికితే ఒలికిన చోటే నిలుస్తున్నాయి.

కొత్తగా తవ్విన కాలవలో బంకమన్ను పరిచి, కాస్త నీళ్ళు వదిలి, గొర్రెల్ని అటూ ఇటూ తోలి తొక్కించేవారని ఇద్దరూ చిన్నప్పుడు విన్నదే. గొర్రెలు ఆయన దగ్గరున్నాయి. మన్ను సంగతి మర్నాడు మార్నీని అడిగితే, తన ఇంటి వెనక గట్టంతా బంకమన్నేనంది. కుండల కోసం ఎవరికీ చెప్పకుండా దాచుకున్నానని ఒప్పుకుంది, ఎంతైనా తీసుకెళ్ళమంది. అన్నీ ఉన్నాయి, మొయ్యడానికీ పరచడానికీ చేతులే లేవు.

శుక్రవారం పొద్దున్నే క్లియోతిల్దే నీలం వ్యాను తీసింది. నేనూ ఎక్కాను. నాకు పట్నంలో పనేమీ లేదు, వ్యాను కదులుతుంటే చూస్తూ కూర్చోలేకపోయాను. బతుకంతా ఆ వ్యాను నిండుగా కిందికి దిగి ఖాళీగా ఎక్కింది. ఆ రోజు ఖాళీగా దిగింది.

ఎవరెక్కడ ఉంటారో ఆమెకు తెలుసు. చాలామందిని మొదటిసారి ఆ గుమ్మాల ముందు దించింది తనే. తలుపు తీసిన ప్రతివాళ్ళూ ఆమెను చూడగానే రంగు మారి ఒకే మాట అడిగారు, ఎవరు పోయారని. ఊరి నుంచి మనిషి వచ్చిందంటే చావు కబురే అయివుండాలి. ఊరికి వాళ్ళు వెళ్ళేదీ సమాధుల దగ్గరికే.

“ఇంకా ఎవరూ పోలేదు,” అనేది ఆమె. “పోకముందే రమ్మంటున్నాను. పాత బట్టలు తెచ్చుకో.”

కొందరు నవ్వి ఎక్కారు. కొందరు సెలవు దొరకదన్నారు, అది నిజమే. ఒకడు తలుపు గొలుసు తియ్యకుండానే, మీ అమ్మాయి వస్తే నేనూ వస్తానన్నాడు. ఈవెట్ ఆశ్రమం దుస్తుల్లోనే, చేతిలో తాళాలతో, పార్కింగు స్థలంలో నిలబడి మాట్లాడింది. తను ఏటా మరిచిపోకుండా చెక్కు పంపుతున్నానని, వచ్చి పని చేసినదానికంటే ఎక్కువే అవుతుందని, సోమవారం తెల్లారేసరికి పనిలో ఉండాలని గుర్తు చేసింది.

“నీ చెక్కు కాలవలో వేశాను, అమ్మాయ్,” అంది తల్లి. “అదీ ఇంకిపోయింది.”

ఈవెట్ తాళాలు జేబులో వేసుకుంది. తరవాత ముందు సీటు తలుపు తీసి, అక్కడ కూర్చున్న నన్ను వెనక్కి వెళ్ళమంది. ఆ సీటు చిన్నప్పటి నుంచీ తనదట. వ్యాను సగం పైగా నిండింది.

శనివారం రోజంతా మన్ను మోశాం. బుట్టలు, బకెట్లు, తోపుడు బండ్లు, ఒక పసిపిల్ల స్నానాల తొట్టి. క్లియోతిల్దే పాత అలవాటు కొద్దీ పార కామతో కొలిచి ఎవరి ముక్క వాళ్ళకిచ్చింది. ఇక్కడ ఒక చిత్రం జరిగింది. ఎవరికి ఏ ముక్క వచ్చినా వాళ్ళు నిలబడి చుట్టూ చూసి, ఇది మా తాత తూము కాదా, ఇక్కడే కదా మా అన్న పడిపోయింది అనడం మొదలుపెట్టారు. హోటల్లో దుప్పట్లు మడతపెట్టే రొసౌరా అనే ఆవిడ మన్నును కూడా మూలలు సర్ది పరుస్తుంటే, అది పరుపు కాదు తల్లీ, దాని మీద ఎవరూ పడుకోరని ఏడిపించారు. మార్నీ ప్రతి ముక్క దగ్గరా వంగి వేళ్ళతో నలిపి, ఇది బాగుంది, ఇందులో ఇసక ఎక్కువైందని చెబుతుంటే ఆమె మాట విన్నారు. పోర్ఫీరియో గొర్రెల్ని కాలవలోకి దింపాడు. అవి మొదట మొండికేశాయి. ముందున్నదాన్ని చెవి పట్టి లాగితే మిగతావి దాని వెనకే పడ్డాయి. ఆదివారం పొద్దుటికి కాలవ అడుగు నల్లగా, జిగటగా, గిట్టల గుర్తులతో మళ్ళీ వికారంగా తయారైంది. క్లియోతిల్దే మడమతో తొక్కి చూసింది. ఆ వికారం ఆమెకు నచ్చింది.

మధ్యాహ్నం తూము ఎత్తారు. ఆమె నీటి వెంట నడిచింది. మేమందరం వెనకాల నడిచాం. చర్చి దాటింది. మొన్న నీళ్ళు ఇంకిపోయిన గులకరాళ్ళ చోటు దాటింది. నీళ్ళు ఆగి, గుంటలు నింపుకుని, మళ్ళీ కదులుతున్నాయి, తప్పతాగినవాడి నడకలా. అందరి చూపూ నీళ్ళ మీదే. ఈవెట్ మాత్రం రెండుసార్లు ఫోన్లో టైము చూసుకుంది. మూడోసారి చూసుకోకుండానే తల్లి ఆగింది.

సగం దూరం మిగిలి ఉంది, పొద్దు వాలింది. ఇప్పుడు బయలుదేరకపోతే వీళ్ళు పట్నం చేరి, నిద్రపోయి, తెల్లారి పనిలో ఉండలేరు. ఒకరిద్దరికి ఆ ఉద్యోగం పోతే ఇంకొకటి లేదు. ఆ వ్యాను గేరు క్లియోతిల్దే చేతికి తప్ప ఇంకెవరికీ పడదు. మొదటి నీటిని మయోర్దోమా మధ్యలో వదిలి వెళ్ళిన సంగతి మా ఊళ్ళో ఎవరూ వినలేదు.

పోర్ఫీరియో వెనక నుంచి వచ్చి చెయ్యి చాపాడు. ఆమె పార ఇవ్వలేదు.

“ఇక్కడ గండి పడితే మీకు కనపడదు, కొంపాద్రే. మీ కళ్ళ సంగతి నాకు తెలుసు.”

“నాకు కాలు తడిస్తే తెలుస్తుంది. మీరు వెళ్ళండి. వాళ్ళని అక్కడ దించి రావడం మీకు అలవాటేగా.”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆమె ముఖం గట్టిపడింది. కానీ పార ఆయన చేతిలో పెట్టింది, కామ వైపు ముందుకు తిప్పి. వెనక్కి తిరిగి వ్యాను దగ్గరికి ఎంత వేగంగా నడిచిందంటే మేం పరిగెత్తాల్సి వచ్చింది.

నేనూ మళ్ళీ ఎక్కాను. కిటికీలు మూస్తే బురదా, గొర్రెలూ, చెమటా కలిసిన వాసన. కనుమ దిగాం. అప్పుడు వెనక సీటు నుంచి రొసౌరా, ఇప్పుడు నీళ్ళు వంగిన కాటన్‌వుడ్ చెట్టు దగ్గరుంటాయి అంది. లేదు, చెట్టు ఎక్కడ, ఇంకా పాత మిల్లు దగ్గరే ఉంటాయన్నాడు ఇంకొకడు. మిల్లు ముందా చెట్టు ముందా అని తగువు పడ్డారు. మిల్లు తరవాత ఒక చిన్న పల్లం ఉందని, అక్కడ నీళ్ళు కాసేపు ఆడుకుంటాయని ఈవెట్ సర్దింది. తనకెలా తెలుసని అడిగితే, అందులో కాగితం పడవలు ఆగిపోయేవి కదా అంది. అలా వ్యాను కిందికి దిగుతున్నంతసేపూ నీళ్ళు మా వెనక, కనపడకుండా, ఒక్కో గుర్తు దాటుతూ సాగాయి. పెట్రోలు పోయించుకున్న చోట రాళ్ళ వంతెన దాటించారు. పట్నం దీపాలు కనపడేసరికి ఆర్చులెటా కంచె దగ్గరికి తెచ్చారు. అక్కడ ఎవరికీ ముందుకు తొయ్యడానికి ధైర్యం చాలలేదు. క్లియోతిల్దే గేరు జారకుండా గట్టిగా పట్టుకుని, రోడ్డు మీదే చూపు నిలిపింది. ఒకరి తరవాత ఒకరిని వాళ్ళ గుమ్మాల ముందు దించింది, ఎప్పట్లాగే.

ఆ రాత్రి ఈవెట్ గదిలో తలా ఒక మూల పడుకున్నాం. క్లియోతిల్దే పడుకుందో లేదో నాకు తెలియదు. పొద్దున్నే, ఇంకా చలి ఉండగానే తిరుగు దారి పట్టాం. ఒహితోస్ చేరాక ఇంటి దగ్గర ఆగలేదు, తిన్నగా కాలవ చివరికి పోనిచ్చింది.

పోర్ఫీరియో కంచె మీద కూర్చుని ఉన్నాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి. కాళ్ళు ఎండిన బురదతో బూట్లు తొడిగినట్టున్నాయి. ఆయన వెనక పొలం నల్లగా తడిసి ఉంది. మొత్తం కాదు. పై సగం తడిసింది, కింది సగం బూడిద రంగులోనే ఉంది. క్లియోతిల్దే వ్యాను దిగి ఆ రెండు రంగులూ కలిసే గీత వంక చాలాసేపు చూసింది.

“మీ వ్యాను లాగే వచ్చాయి, కొమాద్రే,” అన్నాడు ఆయన. “ఆలస్యంగా, మూలుగుతూ, సగం నిండి.”

“సగం చాలుతుందా?”

“విత్తనానికి చాలుతుంది. మావాడికి ఈ ఏడు కాదని చెప్పాను. వచ్చే ఏటి సంగతి నన్నడక్కండి. మీ వాళ్ళని అడగండి.”

పార తిరిగి ఇచ్చాడు. కామ పొడుగునా బురద వేళ్ళ గుర్తులున్నాయి. ఆమె తుడవలేదు.

ఆ పొద్దంతా ఆమె ఫోను మోగుతూనే ఉంది. మా ఊళ్ళో ఫోను పలకాలంటే సమాధుల గుట్ట ఎక్కాలి, అందుకే ఇద్దరం అక్కడే ఉన్నాం. అందరిదీ ఒకటే ప్రశ్న, చేరాయా అని. కంచె దాటాయా, ఎంత మేర తడిసింది, పోర్ఫీరియో ఏమన్నాడు. రొసౌరా హోటలు దుప్పట్ల గదిలో దాక్కుని మాట్లాడింది. ఇన్నాళ్ళూ చావులకు తప్ప మోగని ఫోను అది. ఆమె ప్రతివాళ్ళకీ విసుక్కుంటూనే మొదటి నుంచీ చెప్పింది. చివర ఈవెట్ చేసింది. ఆ పల్లంలో నీళ్ళు ఆగాయా అని అడిగింది.

“ఆగాయట. ఆయన కాలితో తోశాడట,” అని మొదలుపెట్టి క్లియోతిల్దే మాట మధ్యలో ఆపేసింది.

గుట్ట మీంచి కాలవ పొడుగునా కనపడుతుంది. నీళ్ళు తగ్గుతున్నాయి. చూస్తూండగానే గట్టు అంచున తడి గీత కిందికి జారింది. తలాపున మార్నీ ఇంటి దగ్గర తూము పలక పైకి లేచి ఎండలో మెరుస్తోంది, వంతు కాని వేళ. గులాబీ మొక్కలకు పెట్టుకుంటోంది కాబోలు.

“ఉండవే, తరవాత చేస్తాను,” అని ఫోను జేబులో పడేసి, పార భుజాన వేసుకుని, ఆమె గుట్ట దిగడం మొదలుపెట్టింది. జేబులో ఆ గులకరాయి ఫోనుకు తగిలి టిక్కు టిక్కుమంటోంది. నడక కాదు అది, పరుగూ కాదు. తలాపు చేరేలోగా వంద మాటలు కూర్చుకుంటూ పోయే నడక. సగం దూరం నుంచే మార్నీని పేరు పెట్టి పిలవడం వినపడింది.

ఆ ఊళ్ళో పేరు పెట్టి తిట్లు తిన్న వాళ్ళెవరూ పరాయివాళ్ళు కారు. నేను గుట్ట మీదే కాసేపు నిలబడదామనుకున్నాను. నిలబడలేక, నేనూ ఆమె వెనకే బయలుదేరాను.